కరపత్రం గెలిచింది

కాదమ్మా, నాకు తెలియక అడుగుతాను, కరపత్రం గెలవడమేమిటి? కాగితం ముక్క అది! దాని మీద కుర్చీలో కూర్చుని పళ్ళికిలించే మనిషి బొమ్మొకటి. ఆ బొమ్మ మనిషి ఏనాడైనా లేచి నాలుగడుగులు వేశాడా? అలాంటిది మీ కసరత్తుని ఓడించిందని పెద్ద డాక్టరుగారు చెప్పడం, మీరు తల వంచుకుని వినడం! బాగుందమ్మా వరస.

ఆ అట్టపెట్టె కాసేపు పక్కన పెట్టండి. రబ్బరు పట్టీలు ఎక్కడికీ పారిపోవు. మీరు కూర్చోండి. నేను నిలబడే మాట్లాడతాను, ఇప్పుడు నిలబడగలను లెండి. అదే కదా అసలు గొడవ.

నర్సమ్మ అంతా చెప్పింది. ఈ గదిని కరపత్రాలు పెట్టే గోడౌను చేస్తున్నారట, పదివేలు అచ్చుకిచ్చారట. మీరేమో ఉద్యోగం మానేస్తానన్నారట. "ఐదేళ్ళు చదివి నేర్చుకున్నది ఒక కాగితం పాటి చెయ్యలేదంటే ఇంకెందుకు" అన్నారట. అన్నారా లేదా? అదిగో, ముక్కు తుడుచుకుంటున్నారు. అంటే అన్నట్టే.

అసలు మాట చెప్పడానికే వచ్చానమ్మా. కానీ మొదట్నించీ చెప్పాలి. మధ్యలో ఎక్కినవాడు ఏ స్టాపులో ఎక్కాడో చెప్పకపోతే టిక్కెట్టు కొట్టలేం కదా. ముప్ఫై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసినవాణ్ణి, నా లెక్క నాది.

ఏడాది కిందట మా ఇరవై నలుగుర్నీ ఇదే గదిలో కూర్చోబెట్టారు. అందరిదీ ఒకటే జబ్బు, ఊపిరితిత్తులు చిల్లుపడ్డ కొలిమితిత్తుల్లా అయిపోయాయి. పొగో, దుమ్మో, పిండో, రంపపు పొట్టో, ఎవడి ఉద్యోగం వాడి రొమ్ములో కూర్చుంది. సగంమందికి కసరత్తు, సగంమందికి కరపత్రం, ఏడాది తిరిగాక ఎవరికి ఆయాసం తగ్గిందో చూస్తాం అన్నారు మీరు. కరపత్రం వాళ్ళు బాధపడొద్దు, ఏడాదయ్యాక మీకూ వంతొస్తుంది అన్నారు. తరువాత కవర్లు పంచారు.

మా తోడల్లుడి కవర్లో కసరత్తు వచ్చింది. నా కవర్లో కరపత్రం.

"కంప్యూటరు తీసిన చీటీ, నా చేతుల్లో లేదు" అన్నారు మీరు. నిజమే అయ్యుంటుంది. కానీ మా మామగారు కూడా అంతేనమ్మా. పెద్దల్లుడొస్తే చేతుల కుర్చీ వేసేవారు, చిన్నల్లుడినైన నాకు స్టూలు. "కుర్చీ ఒకటే ఉంది బాబూ, నా చేతుల్లో లేదు" అనేవారు. నలభై ఏళ్ళు ఆ స్టూలు మీద కూర్చుని వీపు వంగిపోయింది. చచ్చేముందు కంప్యూటరు కూడా నాకు స్టూలే వేసిందనుకున్నాను.

అక్కడితో ఊరుకుందునేమో. మా వదిన ఊరుకోనిచ్చిందా? "మరిదీ, మీ అన్నయ్యని ఒక్కణ్ణే పంపితే మధ్యలో టీ కొట్టు దగ్గర దిగిపోతాడు, నువ్వు తోడు వెళ్ళు" అంది. నేనుండేది రెండో అంతస్తు. అప్పటికి ఎనిమిది నెలలుగా ఆసుపత్రికి తప్ప కిందికి దిగడం మానేశాను, దిగితే ఎక్కడానికి ముక్కాలుగంట పట్టేది. మధ్య మెట్టు మీద కూర్చుంటే పక్కింటివాళ్ళు నన్ను దాటుకుంటూ, చెప్పుల స్టాండుని దాటినట్టు వెళ్ళేవాళ్ళు. అయినా వదిన మాట కాదనలేక మంగళవారం, శుక్రవారం ఆయన్ని తీసుకొచ్చేవాణ్ణి.

ఆయన లోపల. నేను బయట. ఇదే కిటికీ కింద, సైకిళ్ళ షెడ్డు బల్ల మీద.

మీ గొంతు వినబడేది. "పెదాలు సున్నాలా చుట్టండి. కొవ్వొత్తి ఆరకుండా మెల్లగా ఊదండి. కుర్చీలోంచి లేవండి, ఒకటి. కూర్చోండి. లేవండి, రెండు." ఎవరితో అంటున్నారో నాకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళు బెల్లు కొడితే కదిలినవాణ్ణి. మీరు ఒకటి అన్నారు, నేను లేచాను. పాపం పుణ్యం ఎరగను.

మొదటిరోజు మూడుకే కూలబడ్డాను. రెండో వారానికి ఆరు. నెల తిరిగేసరికి నేను పన్నెండు లేస్తున్నాను, లోపల మా తోడల్లుడు ఇంకా నాలుగు దగ్గరే గుడ్లు తేలేస్తున్నాడు. కిటికీ అంచు మీద గడ్డం ఆనించి చూశానమ్మా! మీరు ఈ చివర వడ్రంగాయన భుజం సరిచేస్తుంటే, ఆ చివర ఆరుగురూ కూర్చునేవాళ్ళు. మీరటు తిరిగితే వీళ్ళు కూర్చునేవాళ్ళు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? మీరెదురుగా ఉన్నారు కాబట్టే మీరంటే వాళ్ళకి లెక్కలేదు.

నాకు కడుపు మండిపోయింది. ఆ మంటకే ఇంకో ఆరు లేచాను.

రక్తపోటు చూసేరోజు బేకరీ ఆవిడ కనబడింది, ఆవిడా కరపత్రం మనిషే. "ఏంటన్నా, తేరుకున్నావే" అంది. నోట్లో నువ్వుగింజ నానదు కదా నాకు, చెప్పేశాను. శుక్రవారానికి ఆవిడ వచ్చింది. ఆవిడ వెనక పిండిమర ఆయన. ఆయన వెనక... సరే, ఇంక దాచడమెందుకు? మూడో నెలకల్లా పన్నెండుమందిమీ కిటికీ కిందే ఉన్నాం. కుర్చీలు లేక సైకిళ్ళు పక్కకి జరిపి ఇటుకలు పేర్చుకున్నాం. చేతులెత్తడానికి నీళ్ళ సీసాలు.

నవ్వుతారేంటమ్మా? ఇంకా వినండి. ఒకరోజు ఆసుపత్రి సూపరింటెండెంటు కారు అటు వచ్చింది. పన్నెండుమందిమి పిడికిళ్ళు పైకెత్తి, దించి, ఎత్తి, దించి. సమ్మె అనుకున్నాడు! గుమాస్తాని పంపి, మీ డిమాండ్లేంటో రాసిమ్మన్నాడు. మాకేం డిమాండ్లుంటాయి? ఏదో ఒకటి అనాలి కదా అని బేకరీ ఆవిడ "ఇక్కడ మంచినీళ్ళ కుళాయి లేదు" అంది. వారం తిరక్కుండా కుళాయి వచ్చింది. షెడ్డు పక్కన ఎవరు పెట్టించారా అని మీరు ఆశ్చర్యపోయారే, అదే కుళాయి.

ఇక ఆ అడుగులు లెక్కపెట్టే డబ్బీల సంగతి.

మీరు కసరత్తు వాళ్ళకి నడుముకి పెట్టుకోమని ఇచ్చారు కదా, రోజుకి ఆరువేల అడుగులని. మా తోడల్లుడు రెండురోజులు నడిచి, మూడోరోజు కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. "తమ్ముడూ, నువ్వెలాగూ తిరుగుతున్నావు, దీన్నీ తిప్పు" అన్నాడు. కడిగెయ్యాల్సింది. కానీ నిజం చెప్పనా? దాన్ని నడుముకి తగిలించుకుంటే ఎంత దర్జాగా ఉందో! నలభై ఏళ్ళకి చేతుల కుర్చీ నాకొచ్చినట్టనిపించింది. ఆయనకి నడవడం తప్పింది, నాకు పరువు వచ్చింది.

మిగతావాళ్ళూ అది చూసి అదే పని. డబ్బీలన్నీ కిటికీ దాటి బయటికొచ్చాయి. తిలాపాపం తలా పిడికెడు. ఒకసారి కసరత్తు వాళ్ళలో అచ్చు ప్రెస్సు ఆయన జ్వరంతో వారం మంచం దిగలేదా, ఆ వారం ఆయన డబ్బీలో రోజుకి తొమ్మిదివేల అడుగులు! పిండిమర ఆయన ఉత్సాహం అది. పై వారం మీరు ప్రెస్సు ఆయన్ని నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఆయన పాపం నీరసంతో గోడ పట్టుకుని నిలబడ్డాడు. మేం కూడా బయట నుంచి కొట్టాం.

పోయిన నెల ఆఖరి పరీక్ష. కారిడార్లో ఆ చివరొకటి, ఈ చివరొకటి టోపీలాంటి గుర్తులు పెట్టి, ఆరు నిమిషాలు నడవమన్నారు. ఏడాది కిందట రెండువందల నలభై మీటర్లకి నా పెదాలు నీలం తిరిగాయి. ఈసారి నాలుగువందల పది! మా తోడల్లుడిది అప్పుడెంతో ఇప్పుడూ అంతే, ఓ ఐదు మీటర్లు అటూ ఇటూ. మలుపు దగ్గర ఆయన్ని రెండుసార్లు దాటానమ్మా. రెండోసారి దాటినప్పుడు "అన్నయ్యా, ఆయాసపడకు" అన్నాను. తప్పే. కానీ అంత సుఖం ఈ జన్మలో ఎరగను.

అప్పుడు పెద్ద డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. "ఇంత మార్పు ఎలా వచ్చింది? ఏం చేశావు?" అన్నారు.

ఇక్కడే అడుసులో కాలేశాను. నిజం చెబితే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే వచ్చే వారం రావలసిన నా వంతు పోతుంది. ఏడాదిగా ఆ వంతు కోసమే కదా! ఈ గదిలో, ఆ కిటికీ పక్క చాప మీద, ఇటుక కాదు, కుర్చీ. మీరు నా భుజం సరిచేస్తూ, నాకోసం లెక్కపెడుతూ. అది పోతుందన్న భయం నోరు తెరవనివ్వలేదు. ఎదురుగా బల్ల మీద కరపత్రం కనబడింది.

"ఇది చదివానండి" అన్నాను.

"రోజుకెన్నిసార్లు?"

"మూడుసార్లు."

"భోజనానికి ముందా, తరువాతా?"

ఏం చెప్పమంటారు? ముందే అన్నాను. ఆయన రాసుకున్నాడమ్మా! కింద రెండు గీతలు కూడా గీశాడు. బయటికొచ్చి మావాళ్ళకి చెబితే, అందరం ఒకే మాట మీద ఉందామన్నారు. బేకరీ ఆవిడకి చదువు రాదు. "మా కోడలు చదివి వినిపించిందండీ" అంది. చదివి వినిపించినా పనిచేస్తుందని ఆయన ఇంకో పేజీ నింపాడు. ఇప్పుడు కొత్త పరిశోధనట, సగంమంది ముందు చదవాలి, సగంమంది తరువాత.

అలా గెలిచిందమ్మా కరపత్రం. నేను గెలిపించాను. మీరేమో రాత్రీపగలూ మీ చదువులోనే లోటుందనుకుంటున్నారు.

కరపత్రం నేను చదవనేలేదు. ఇంట్లో ఒక్కణ్ణే కసరత్తు ప్రయత్నించి చూశాను కూడా, కుర్చీ వేసుకుని, నాకు నేనే ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని. మూడుకే కూర్చుండిపోయాను. నా లెక్కకి నేను లేవనమ్మా. మీరు అంటేనే లేస్తాను. పన్నెండుమందిమీ అంతే. మీ చదువు పని చెయ్యలేదని ఎవరన్నారు? గోడ అవతలికి కూడా చేసింది. ఇవతల చెయ్యలేదంటే అది వాళ్ళ ఖర్మ.

నిన్న నేను రెండో అంతస్తు ఒక్క బిగిన ఎక్కాను. మధ్య మెట్టు దగ్గర అలవాటుకొద్దీ ఆగబోయి, ఎందుకు ఆగాలో తెలియక, మళ్ళీ ఎక్కేశాను. పైకెళ్ళి మా ఆవిడ ముందు చంటిపిల్లాడిలా ఏడ్చాను.

ఇదిగో, అంతా రాసి తెచ్చాం. ఖాళీ కాగితం దొరక్క కరపత్రం వెనకే రాశాం, ఏమనుకోకండి. పదకొండు సంతకాలు, బేకరీ ఆవిడ వేలిముద్ర. వాటికి తోడు అడుగున ఆ వంకర సంతకం మా తోడల్లుడిది. నేనడగలేదు, తనే పెట్టాడు. "పోనీలే తమ్ముడూ, ఈసారి స్టూలు నాకు వెయ్యి" అన్నాడు. పెద్ద డాక్టరుగారికి ఇవ్వండి. మా పేర్లన్నీ కొట్టెయ్యమనండి. వంతు పోతే పోతుంది. ఈ పేర్లతో మమ్మల్నెవరూ ఇంతవరకూ ఈ గదిలోకి కసరత్తుకి పిలిచింది లేదు కదా.

కోపం రాదా మరి, రావాల్సిందే. తిట్టండి. గట్టిగా తిట్టండి, బయటున్నవాళ్ళకి కూడా వినబడాలి. అవును, అందరూ వచ్చారు. ఇటుకల మీద కూర్చునున్నారు. ఇవాళ శుక్రవారం కదా.

వెళ్తున్నా, వెళ్తున్నా. ఒక్క మాట మిగిలింది. ఈ కిటికీ గడియ విరిగిందని, గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయని మీరు మూడుసార్లు ఫిర్యాదు రాశారు చూడండి. అది విరగలేదమ్మా. చలికాలంలో మీరు కిటికీ మూసేసరికి మాకేం వినబడలేదు. నేనే స్క్రూలు విప్పి ఊడదీశాను. అప్పట్నించీ జేబులోనే ఉంది.

ఇదిగో, గడియ. నాలుగు స్క్రూలూ సరిగ్గా ఉన్నాయి, చూసుకోండి. గది మూసేటట్టయితే ఇది కావాలి కదా మీకు.

తీసుకోండి.

తీసుకోరేమమ్మా?