చెక్ పడ్డాక కట్టిన కోట

ఇండోనేషియా కొండల్లో బెరస్తగి ఊరి పక్కనున్న ఓ చెక్క ఇంట్లో, చనిపోయిన అన్న నేల పలక మీద కత్తితో చెక్కిన చదరంగం గళ్ల ముందు, నలభై దాటిన అతని కూతుర్ని కూర్చోబెట్టుకుని ముసలాయన ఆట నేర్పుతున్నాడు.

"రాజు రెండు గళ్లు పక్కకి జరుగుతాడు. ఏనుగు అతన్ని దాటి ఇవతల నిలబడుతుంది. దీన్నే కోట కట్టడం అంటారు."

"అంటే రాజు మూలకెళ్లి దాక్కుంటే, ఏనుగు బయటికొస్తుందన్నమాట."

"ఆఁ... అలాగే అనుకో."

"అయితే ఉండు, ఇప్పుడే కట్టేస్తా."

"ఆగమ్మా! నీ రాజుకి చెక్ ఉంది. చెక్ పడ్డాక కోట కట్టకూడదు."

"మరి నువ్వెలా కట్టావు బాబాయ్?"

"నేనా? ఎప్పుడు?"

"తుపాకులవాళ్లు గుమ్మంలో నిలబడి 'గింతింగ్, బయటికి రా' అన్నప్పుడు."

ఆయన చేతిలోని ఏనుగును పక్క గడిలో పెట్టేశాడు.

"వాళ్లు ఇంటిపేరే పిలిచారమ్మా. ఇద్దరం గింతింగులమేగా."

"వాళ్లకి కావలసింది ఎవరు?"

"నేనే."

"నాన్నకి తెలుసా?"

"తెలుసు. ఈ గళ్ల దగ్గరే ఆడుతున్నాం. ఎత్తు నాది. 'నిదానంగా ఆలోచించుకో, ఇప్పుడే వస్తా' అని మీ నాన్న లేచాడు."

"నువ్వో?"

"నలభై ఏళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను."