అంచున రెండు అరికాళ్ళు

వద్దండీ, నాకు సర్దిచెప్పకండి. ముందు ఈ దిక్కుమాలిన కెమెరాని నా కళ్ళ ముందు నుంచి తీసెయ్యండి. చూస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. లిఫ్టులు బాగుచేసేవాణ్ణి నేను, డ్యూటీలో కూడా ఇంత బరువు మొయ్యను. ఏడాదిగా వేలాడేసుకు తిరిగితే మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. "ఏంటి, ఎవరైనా పిలిచారా, అటే చూస్తున్నారు?" అంటుంది మా ఆవిడ!

కూర్చోనా? సరే, కూర్చుంటా. టీ మాత్రం వద్దు. పోయినేడు మీ షాపులో ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తాగించేగా మీరు నాకీ శనిని అంటగట్టింది!

"ఫుల్‌ఫ్రేమ్ అండీ! లోపల బొమ్మ పడే పలకే రెండింతలుంటుంది. ఒక్కసారి దీంతో తీశాక ఇంక మీ చిన్న పలక కెమెరా, అదే క్రాప్ సెన్సర్ది, ముట్టుకోబుద్ధి కాదు" అన్నారా, లేదా? లెన్సు సంగతేంటండీ అంటే ఏమన్నారు? "ప్రస్తుతానికి మీ చిన్న కెమెరా లెన్సే తగిలించుకోండి, నడిచిపోతుంది. మంచిది తర్వాత చూసుకోవచ్చు."

తర్వాత! నా మూడేళ్ళ బోనసూ, కుట్టుమిషను మార్చుకుందామని మా ఆవిడ దాచుకున్నదీ ఊడ్చి కెమెరా కొన్నాక, కెమెరా అంత ఖరీదు లెన్సు ఎక్కణ్ణించి వస్తుందండీ, మొలుస్తుందా?

ఆ, చూడండి, తిప్పి తిప్పి చూడండి. ఒక్క గీత ఉంటే అడగండి. చంటిపిల్లలా చూసుకున్నా. ఏంటి, మెనూలోకెందుకు వెళ్తున్నారు? క్రాప్... ఆటో... ఆన్? అంటే?

ఓహో! అంటే, చిన్న కెమెరా లెన్సు తగిలించగానే ఇది తనంతట తనే గుర్తుపట్టి, పలక మొత్తం వదిలేసి నడిమి ముక్క ఒక్కటే వాడుకుంటోందన్నమాట! అంటే ఏడాదిగా నేను తీసినవన్నీ చిన్న కెమెరా బొమ్మలేనా? అయ్యో, అయ్యో! బంగళా అద్దెకి తీసుకుని వంటింట్లో ముడుచుకు పడుకున్నానన్నమాట! నాకేం తెలుసండీ, పదో తరగతి చదువు నాది.

నవ్వకండి.

కావాలంటే మా కెమెరా క్లబ్బుని చూసి నవ్వండి. ప్రతి ఆదివారం ఓ ట్యుటోరియల్ మేడ మీద పోగవుతాం. ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. నా బొమ్మ ముందు నిలబడి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఆహా, ఆ లోతు చూశారా! అదీ ఫుల్‌ఫ్రేమంటే" అంటాడు. పక్కనున్న పదిమందీ "అవునవును, లోతు!" అంటారు. ఏం లోతు, నా మొహం! వాళ్ళు చూసేది బొమ్మని కాదు, నా మెడలో బెల్టు మీద కంపెనీ పేరుని. నేనేమన్నా తక్కువా? ఎవరైనా చిన్న కెమెరా బొమ్మ చూపిస్తే, "పర్లేదు, ప్రాక్టీసుకి బాగుంది" అనేవాణ్ణి, పెదవి విరిచి. తల్చుకుంటే రోత పుడుతోంది.

ఇంతకీ... ఆ గాజు బీరువాలో, రెండో అరలో, నీలం బెల్టున్నది. అదెంతకిస్తారు?

ఊరికే అడగడం లేదు. ఒకసారి బయటికి తియ్యండి. మెల్లిగా. ఆ బెల్టు కంపెనీది కాదు, నా పాత జీన్స్ ప్యాంటు. మా ఆవిడ కత్తిరించి కుట్టింది.

ఆ, నాదే. నాలుగేళ్ళు నా మెడలో ఉంది. ఈ పెద్దది కొన్నాక దాన్ని మా బావమరిది ఒళ్ళో పడేశా. "తీసుకోరా, దీంతో బొమ్మలేం రావు గానీ నీకు సరిపోతుంది" అని. అలాగే అన్నానండీ. లెన్సు మాత్రం నేనే ఉంచేసుకున్నా. పాపం, ఎక్కడో బూజు పట్టిన లెన్సొకటి వెతుక్కుని తగిలించుకున్నాడు. "థాంక్స్ బావా" అన్నాడు.

మీకు అమ్మింది వాడే కదూ? సన్నగా ఉంటాడు, స్కూలు వ్యాను డ్రైవరు. గట్టిగా హారను కొట్టడానికి కూడా మొహమాటపడతాడు. బేరమే ఆడి ఉండడు. అనుకున్నా.

ఎందుకమ్మాడో చెప్పాడా? చెప్పడులెండి.

పోయిన నెల మా క్లబ్బులో ప్రదర్శన పెట్టాం. నాదొక బొమ్మ, కుళాయి నుంచి జారబోతున్న నీటిచుక్క. మా పెరటి నేల మీద బోర్లా పడుకుని రెండు గంటలు తీశా. చొక్కా తడిసి ముద్దయింది, మోచేతులు కొట్టుకుపోయాయి. వాడూ ఒకటి తెచ్చాడు. మా ఆవిడది. అంటే వాళ్ళక్కది. పెరటి గుమ్మం పక్కన మిషను ముందు కూర్చుని, కళ్ళజోడు నెత్తికెక్కించి, పళ్ళ మధ్య దారం పట్టుకుని నవ్వుతోంది.

ఎలాంటి నవ్వనుకున్నారు! భుజాలతో సహా నవ్వుతోందండీ. పాతికేళ్ళ కాపురంలో ఆ నవ్వు నా కెమెరాలో ఒక్కసారి పడలేదు. పడదు మరి. నేను తీస్తే "కదలకు, గడ్డం ఎత్తు, వెలుగు మొహాన పడనీ" అంటాను. ఆవిడ గుర్తింపు కార్డు ఫొటోలా బిగుసుకుపోతుంది.

అంతగా దేన్ని చూసి నవ్వుతోందా అని దగ్గరికెళ్ళి చూశా. బొమ్మ అంచున, గుమ్మం అవతల, రెండు అరికాళ్ళు. బోర్లా పడుకున్న మనిషివి. మడమలు పగిలి, ఒకదానికి సబ్బు కాగితం అంటుకుని ఉంది.

నావే.

అందరూ నా చుక్కని వదిలేసి అక్కడే మూగారు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. నేను గొంతు పెంచాను. "అగ్గిపెట్టె మీద లేబులంత బొమ్మరా ఇది! దీన్ని సాగదీసి గోడకి తగిలిస్తే చూసేవాళ్ళ కళ్ళేం కావాలి? ఉప్పు చల్లినట్టు ఆ చుక్కలేంటి? నువ్వు వ్యానులో పిల్లలకి చూపించుకో, పో!" అన్నా. అందరూ నవ్వారు. నవ్వరా మరి, చెప్పేది ఫుల్‌ఫ్రేమ్ ఆయె!

వాడు స్టూలెక్కి, నాలుగు పిన్నులూ పీకి, జేబులో వేసుకుని, బొమ్మని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. "వ్యాను టైమైంది బావా" అన్నాడు.

ఆదివారం పూట వ్యానేంటండీ!

అంతే, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. మా ఆవిడే వెళ్ళి చూసొచ్చింది. "తమ్ముడు కెమెరా అమ్మేశాడట, ఎందుకు?" అంది. "నాకేం తెలుసు" అన్నా. ఎవరో చెప్పినట్టున్నారు, ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో మిషను చప్పుడు తప్ప వేరే మాట లేదు.

ఏంటి? తెలియక అన్నానని వాడికి చెప్పమంటారా? మెనూలో ఇలా ఉందని ఈ రోజే తెలిసిందని? మీరు కూడా సాక్ష్యం చెప్తారా? మంచివారే.

నేనూ అందుకే వచ్చానండీ. మీ చేత ఆ మెనూ తీయించి, మీ ముందు నోరెళ్ళబెట్టి, ఆ తర్వాత వాడి దగ్గరికెళ్ళి "షాపాయన చెప్పేదాకా నాకు తెలీదురా" అందామని.

ఛీ.

ఇందాక అయ్యో అయ్యో అన్నా చూశారూ, అది నాటకం. ప్రదర్శన రోజు పొద్దున్నే ప్రింట్లు వేసే అబ్బాయి చెప్పాడు నాకు. "ఇదేంటి సార్, మీ పెద్ద కెమెరా బొమ్మలో సరుకు, అదే పిక్సెళ్ళు, మీ బావమరిది బొమ్మలో సగం కూడా లేదు?" అని. మీలాగే మెనూ తీసి చూపించాడు. అంటే ఆ గోడ మీద అగ్గిపెట్టె లేబులు నాదే. తెలిసే అన్నా. తెలిసింది గనకే అంత గట్టిగా అన్నా.

అలా చూడకండి. మార్చేయండి. ఇది తీసుకుని అది ఇవ్వండి. పైన మా ఆవిడ మిషనుకి సరిపడా ఇస్తే చాలు, బేరం ఆడను. ఆగండాగండి, ఈ లెన్సు ఇవ్వను. అది దీంది కాదు. ఆ చిన్నదానికే తగిలించండి. ఆ... చూశారా, ఎలా అతుక్కుపోయిందో!

పెట్టె ఎందుకు, బెల్టుందిగా? మెడలో వేసుకుని బజారంతా నడుచుకుంటూ వెళ్తా. వాడి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, చిన్న బొమ్మ నాదిరా, తెలిసే అన్నా" అని...

అబ్బే. దారిలో పళ్ళ డాక్టరు క్లినిక్కుంది.

సంచేమైనా ఉందా? నల్లది. లోపలున్నది కనపడకూడదు.