మెట్లెక్కే లిఫ్టుల అధికారి

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ ఐదవ తేదీన మా లిఫ్టు భద్రతా కార్యాలయంలో సహాయ తనిఖీదారుగా అడుగుపెట్టి, నేడు ప్రధాన తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేస్తున్న ఈ మహనీయులు, నగరంలోని లిఫ్టులన్నింటినీ బరువు పరీక్ష కోసం ఇసుక బస్తాలతో నింపి, ఉక్కు తాళ్ళు తడిమి, నిర్భయంగా ఎక్కవచ్చునని సంతకం చేశారు. తాము మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. ఇసుకకున్న ధైర్యం అధికారికి లేకపోయింది!

తొలినాళ్ళలో క్షేత్రస్థాయిలోనూ, తదుపరి పరీక్షా విభాగాధిపతిగానూ ఆయన అంతస్తు పెరిగినకొద్దీ మా ఆయాసమూ పెరిగింది. పై అధికారి మెట్లెక్కుతుంటే కిందివాళ్ళు లిఫ్టెక్కడం మర్యాద కాదు గదా! పదోన్నతి మాట దేవుడెరుగు, పాదోన్నతి మాత్రం మాకు రోజూ లభించింది. అందుకే ఆయన మాకు ‘మెట్ల దొర’. ఆయన సంతకం చేసిన లిఫ్టు ఒక్కటీ కూలలేదు. ఆ సంతకాన్ని నమ్మని మనిషి ఊళ్ళో ఆయనొక్కరే.

గత నెల ఈ వీడ్కోలు సభకు పిలవడానికి వారింటికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో బాధపడే ఆయన శ్రీమతి కళ్ళొత్తుకున్నారు.

“ఆయన కూర్చునే చోటు ఒక్కసారైనా చూడాలని ఉండేది తమ్ముడూ. అయిదంతస్తుల మెట్లు ఎక్కలేను కదా.”

“మెట్లెందుకు అక్కయ్యగారూ? లిఫ్టుందిగా!”

మెట్ల దొర నావైపు గుడ్లురిమారు. అప్పటికే నోరు జారింది.

“లిఫ్టుల ఆఫీసుకి లిఫ్టు లేదన్నారే!” అన్నారావిడ భర్తతో.

“ఉంది... కానీ...”

“పరీక్ష చేసిందెవరు?”

“నేనే.”

“ఊరందర్నీ ఎక్కించి, నన్నెందుకు ఎక్కించరు?”

“ఊరందరితో నేను కాపురం చెయ్యట్లేదే!”

ఆవిడ నవ్వలేదు. “సభకి వస్తాను. లిఫ్టులోనే వస్తాను. పక్కన మీరుండాలి.”

మర్నాడే మా లిఫ్టుకు తాళం పడింది. మళ్ళీ ఇసుక బస్తాలు, కొత్త ఉక్కు తాళ్ళు. ఫైళ్ళు మోసుకుంటూ మేమందరం మెట్ల మీద!

“మీ కళ్ళుగప్పి ఇన్నేళ్ళూ మేమెక్కింది ఇదే కదండీ!” అని అరిచాను.

“మీరు వేరయ్యా,” అన్నారు బోల్టు బిగిస్తూ.

చివరికి ఒకనాడు కళ్ళు గట్టిగా మూసుకుని, ఒంటరిగా, అదే లిఫ్టులో ఐదో అంతస్తుకు వచ్చారు. చెమటలు తుడుచుకుంటూ, “బాగానే పనిచేస్తోందయ్యా!” అన్నారు, ఎవరో చేసిన తనిఖీని మెచ్చుకుంటున్నట్టు.

ఈ సంచిక మీ చేతికందే సాయంత్రం అక్కయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని అందులోనే పైకి వస్తారు. ఆ దంపతులు ఆయురారోగ్యాలతో ఇకపై ప్రతి అంతస్తుకూ కలిసే ఎక్కిదిగాలనీ, మరీ పైకి తీసుకువెళ్ళే ఆ లిఫ్టుకు మాత్రం దొరగారి తనిఖీ ఎన్నటికీ పూర్తికాకూడదనీ మనసారా కోరుకుంటున్నాను.