ఆదెమ్మకి జడిసిన కారు

చెంచురామయ్య లేడూ, పొగాకు చెంచురామయ్య, ఎర్రకారు ఆయన. మాకు వరసకి బావ అవుతాడులే. ఆ కారు మీరు చూసే ఉంటారు, చూడకపోతే వినైనా ఉంటారు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి ఇంతెత్తు. దాంట్లోకి ఎక్కటం కాదు, దిగటమే. మద్రాసులో ఎవరో తెల్లాయన దేశం విడిచి పోతా అమ్మేసి పోతే, పొగాకుకి మంచి ధర పలికిన ఏడు ఈయన పోయి తోలుకొచ్చాడు. ట్రాక్టరు తెస్తాడని ఊరంతా కాసుకోని కూర్చుంటే ఇది తెచ్చాడు అనుకో. పందేల కారంట, గాలికంటే ముందు పోయిద్దంట. మన రోడ్డు మీద మాత్రం గాలే ముందు పోయేది, ఈయన వెనకాల గుంటలు చూసుకుంటా మెల్లంగా పోయేవాడు. అయినా ఏం చెప్పాల, అది పోతా ఉంటే మేం నారుమడిలో నడుం పైకెత్తి కనుమరుగయ్యేదాకా చూసేవాళ్లం. అట్టాంటి ఎరుపు మళ్లీ నేను చూళ్లేదు. దాంట్లో ఇంకో విచిత్రం ఉంది. ఇప్పుడు చానా కార్లలో ఉండిద్ది గానీ, అప్పుడు మనోళ్లెవరూ ఎరగరు. చిన్న బిళ్ల ఒకటి ఉండిద్ది, దాన్ని తిప్పి ఇరవై అని నెంబరు పెడితే లోపలి చల్లదనం సంగతి ఇక కారే చూసుకుంటదంట. ఎండెక్కువైతే చల్లగాలి పెంచిద్ది, చలేస్తే వేడిగాలి కలిపిద్ది. మనిషి దాని జోలికి పోయే పనే లేదు.

ఆయన పెళ్లాం ఆదెమ్మక్క. మనిషి పొట్టి, మాట తక్కువ. బ్యారనులో, అదే పచ్చాకుని వేడికి పండబెట్టే కొట్టంలో, ఆకు కాల్చే రోజుల్లో పొయ్యి మంట ఎంత ఉండాల, పై కిటికీ ఎప్పుడు తియ్యాల, అంతా ఆమే చూసేది. బావకి ఆ ఓపిక లేదు, ఆయనకి కారు తుడుచుకోటంతోనే సరిపొయ్యేది. కాల్చిన ఆకు అమ్మాలంటే ముందు మచ్చు కట్ట తీసుకోని ఒంగోలు పోయి కంపెనీ వాళ్లకి చూపించాల. బావ కారు నడిపేవాడు, ఆదెమ్మక్క పక్కన కూర్చోని మచ్చు కట్ట ఒళ్లో పెట్టుకునేది, బిడ్డని పట్టుకున్నట్టు. ఇక్కడ ఏమైందంటే, ఆకుకి పదును, అంటే కాస్త మెత్తదనం, ఉండాలా? ఆ పదును ఆరిపోతే అప్పడం మాదిరి పెళపెళ విరిగిపోయిద్ది. ఈ కారులో వచ్చే చల్లగాలేమో తేమంతా పీల్చేస్తది. ఒంగోలు చేరేసరికి ఒళ్లో సగం ఆకు, సగం నుసి. ఆదెమ్మక్క బిళ్ల తిప్పి నెంబరు పెంచేదంట, ఆయన మళ్లీ తగ్గించేవాడంట. "నెంబరు ముట్టుకోమాకు, అది తెలివైన బండి, దాని పని అది చేసుకుంటది" అనేవాడంట. "ఆకు పోతంది" అని ఆమె అంటే, "ఆకు పోతే మళ్లీ కాలుద్దాం, ఇట్టాంటి బండి మళ్లీ యాడొచ్చిద్ది" అని ఈయన. ఇంటి కాడ మొదలుపెట్టిన పోట్లాట ఒంగోలు టవును మొగన దాకా సాగేదంట.

అట్టా కొన్నాళ్లు జరిగాక ఉన్నట్టుండి ఒకరోజు ఆ పోట్లాట ఆగిపోయింది. ఎందుకనుకున్నారు? బావ ఇరవై అని పెట్టాడంట, ఆదెమ్మక్క నోరు మెదపలేదంట, బిళ్ల ముట్టుకోలేదంట. కాస్త దూరం పోయాక కారే దానంతటది చల్లగాలి తగ్గించుకుందంట. నెంబరేమో ఇరవై మీదే ఉంది. ఈయన ఒక్కడే పోయినప్పుడు గజగజ వణికించిద్ది, ఆమె పక్కన కూర్చుంటే మాత్రం పిల్లిలా ఉండిద్ది. ఇక చూసుకో, బావ టీకొట్టు కాడ చెప్పిందే చెప్పటం. "మా బండికి మా ఆవిడంటే భయం అబ్బయా. నా మాట వినదు గానీ ఆమె కూర్చుంటే చాలు, తగ్గిపోయిద్ది" అని. కంపెనీ వాళ్లకి చెప్పాడు, పెట్రోలు బంకులో చెప్పాడు, పెళ్లికి పోతే పెళ్లిలో చెప్పాడు. ఏ ఊరాయన కలిసినా ముందు ఈ ముచ్చట, తర్వాతే క్షేమసమాచారం. ఆదెమ్మక్క పక్కనే నుంచోని తల వంచుకోని ముసిముసిగా నవ్వేది. ఎంత ముచ్చటగా ఉండేవాళ్లో ఆ ఇద్దరూ. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బ్యారను వాసన ముక్కుకి తగిలిద్ది.

తర్వాత ఆదెమ్మక్కకి కామెర్లు వచ్చినయ్యి. ఒంగోలు ఆసుపత్రికి ఆ కారులోనే తీసకపోయాడు. ఆ రోజు ఎండ మండిపోతా ఉంటే ఆమె చలి చలి అని మూలిగిందంట. ఆ కారు దిగటం దిగటం, మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు. పోయింది. ఆమె పోయాక బావ కారు తీసి చూస్తే చల్లగాలి లేదు. నెంబరు ఇరవై పెట్టినా అంతే, పద్దెనిమిది పెట్టినా అంతే, నులివెచ్చంగా మనిషి ఊపిరిలాగా వస్తందంట. ఇంకొకడైతే మెకానిక్కుని పిలుస్తాడా? ఈయన పిలవలా. పక్క సీటు వంక చూసి, సరే, కూర్చునే ఉన్నావన్నమాట అనుకున్నాడంట. ఎవరికీ చెప్పలేదు. రెండు ఎండాకాలాలు ఆ ఉడుకులోనే తిరిగాడు, చొక్కా పిండుకుంటా. ఆ సీటు మీద చేతిసంచి కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

మూడో ఏడు వడదెబ్బ కొట్టింది. టంగుటూరు దాటాక కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టి పడిపోయాడు. గొర్లు కాసేవాళ్లు చూడబట్టి సరిపోయింది. డాక్టరు గట్టిగా చెప్పాడు, ఇంకోసారి ఆ ఉడుకులో కూర్చుంటే ఇంటికి రావు అని. కొడుకు మాలకొండయ్య మంచోడే, ఊళ్లోనే సేద్యం, తండ్రంటే ప్రాణం. వాడు ఏమన్నాడంటే, "నాయనా, ఏసీ బాగైతే కారు మన కాడే ఉండిద్ది. బాగవకపోతే రోహిణి కార్తె లోపల ఇచ్చేద్దాం. పాత కార్లు కొనేవాళ్లు గుంటూరులో ఉన్నారు, మాట్లాడి పెట్టా" అన్నాడు. బావ ఆలోచనలో పడ్డాడు. బాగు చేయించకపోతే కారు పోయిద్ది. బాగు చేయిస్తే ఆ వెచ్చదనం పోయిద్ది, అంటే ఆయన లెక్కలో ఆమె దిగిపోయినట్టే. ఎటు చూసినా ఆమె పోవటమే. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలా. చివరికి కారు ఉంటే చాల్లే అనుకోని, కందుకూరు నించి మస్తాన్‌వలిని పిలిపించాడు.

మస్తాన్‌వలి నెమ్మదస్తుడు. వచ్చాడు, ముందర మూత ఎత్తాడు. గ్యాసు చూశాడు, ఉంది. బెల్టు చూశాడు, తిరుగుతంది. చల్లగాలి చేసే పైపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందంట. "మావా, ఇక్కడ మంచుగడ్డ మాదిరుంది, లోపలేమో మీ బ్యారను మాదిరుంది. చల్లదనం తయారవుతంది గానీ లోపలికి రానియ్యట్లా" అన్నాడు. డాష్‌బోర్డు వెనకాల ఒక రెక్క ఉండిద్దంట, అది ఇటు తిరిగితే చల్లగాలి, అటు తిరిగితే వేడిగాలి. ఆ రెక్కని లాగే సన్నపు రబ్బరు గొట్టాలు పాతబడి పగిలినయ్యి. అట్టాంటి గొట్టాలు ఇప్పుడు యాడ దొరుకుతయ్యి? మందుల షాపులో సెలైను గొట్టం కొనుక్కొచ్చి, కోసి తగిలించాడు. అయినా వెచ్చంగానే ఉంది. రెక్క ఇరుక్కుందేమోనని వేలు పెట్టి అటు నెట్టాడు. చల్లగాలి బుస్సున వచ్చింది. వేలు తీశాడు, రెక్క మెల్లంగా వెనక్కి వచ్చి మూసుకుంది. మళ్లీ నెట్టాడు, మళ్లీ వచ్చింది. మస్తాన్‌వలి చెమట తుడుచుకోని ఏమన్నాడో తెలుసా, "మావా, బండిలో ఏ రోగం లేదు. చల్లంగా ఉంది, ఇక చాలు అని లోపలెవరో దీనికి చెప్తన్నారు. అది ఆ మాట నమ్ముతంది" అన్నాడు. బావ పక్క సీటు వంక చూశాడు. "మా ఆవిడ" అన్నాడంట. మస్తాన్‌వలి పానాలు సంచిలో పెట్టుకున్నాడు. వాడికి కూడా తల్లి పోయిన ఏడంట అది.

పొద్దున్నే గుంటూరు వాళ్లు వస్తారనగా సాయంత్రం మాట ఇది. మస్తాన్‌వలి, "ఆగి ఉంటే తెలియట్లా, ఒకసారి రోడ్డు మీద నడిపి చూస్తా, నువ్వు పక్కన కూర్చో మావా, గాలి ఎట్టా వస్తందో చెప్పు" అన్నాడు. పక్కన అంటే ఆదెమ్మక్క సీటు. బావ కూర్చోనన్నాడు. కారు కొన్నప్పటినించీ ఆయన ఆ వైపు కూర్చునే ఎరగడు, స్టీరింగు ఇంకొకడి చేతికిస్తేగా. తలుపు పట్టుకోని నుంచున్నాడు, నుంచున్నాడు, పొద్దు వాలిపోతా ఉంది. ఇక తప్పక పైపంచెతో సీటు ఒకసారి దులిపి, మెల్లంగా దిగి కూర్చున్నాడు. కూర్చున్నాక ఏమైందంటే, ఆ సీట్లోంచి చూస్తే లోకం వేరేగా కనపడిందంట. రోడ్డు కనపడదు, డాష్‌బోర్డు ఎత్తు. కనపడేదల్లా బావ కూర్చునే సీటు, ఆ బిళ్ల, బిళ్ల కింద ఇంత చిన్న చిల్లుల మూత. అటువైపు కూర్చున్నోడికి గేరు కర్ర అడ్డం, కనపడదు. ఆ చిల్లుల్లో ఏదో పసుప్పచ్చంగా ఉంది. "ఇదేంది?" అని బావ గోటితో గీకాడు. "అదా, లోపలెంత వేడుందో బండి చూసుకునే కన్ను మావా, దాని వెనకాల ఒక పుల్ల ఉండిద్ది" అన్నాడు మస్తాన్‌వలి. బావ పట్టుకోని లాగాడు. గుడ్డపేలిక. జానెడు పొడుగు, చీర అంచు చించిన ముక్క, ఎండి అట్ట కట్టుకుపోయింది. చివర సన్నపు నూలుదారంతో ముడి.

ఆ ముడి చూడగానే బావకి అంతా తెలిసిపోయింది. మీకు తెలియదులే, చెప్తా. బ్యారనులో రెండు తరమామీటర్లు ఉంటయ్యి. ఒకటి ఉత్తది. రెండోదాని కొసకి తడిగుడ్డ చుట్టి నూలుదారంతో కడతారు. ఎంత వేడి ఉన్నా తడిగుడ్డది తక్కువే చూపిస్తది, ఆ తేడా చూసి లోపల తేమ ఎంతుందో లెక్క కడతారు. మా బ్యారనులో ఆ గుడ్డ కట్టేది ఆదెమ్మక్క ఒక్కతే. రెండు చుట్లు, ఒక ముడి, పళ్లతో దారం తెంపేది. ఆ విద్యే కారు మీద పెట్టింది చూడండి. బావ గుంటలు చూసుకుంటా నడుపుతా ఉంటే, ఆకు మీద కప్పిన తడి గోతానికి పేలిక అద్ది మెల్లంగా ఆ చిల్లుల్లోకి దోపేది. కారు లోపల చల్లంగా ఉందనుకోని గాలి తగ్గించుకునేది. ఒంగోల్లో దిగేటప్పుడు పేలిక తీసి బొడ్లో దోపుకునేది. ఆసుపత్రికి పోయిన రోజు చలికి దోపింది, తియ్యటానికి మళ్లీ ఎక్కలేదు. ఆ పేలిక ఎండిపోయి అట్టానే బిగుసుకోని కన్ను మూసేసింది. లోపలి ఉడుకు తగలక, ఇంకా చల్లంగానే ఉందనుకునేది కారు.

బావ పేలిక గుప్పిట్లో పెట్టుకోని కూర్చున్నాడు. కారు నడుస్తానే ఉంది. వల్లూరు దాటేలోపల చల్లగాలి మొదలైంది. ముందు సన్నంగా, తర్వాత మోకాళ్లు వణికేట్టు. మస్తాన్‌వలి సంబరపడిపోయి, "వచ్చింది మావా, కారు నీకు నిలిచింది" అన్నాడు. నిజమే, కారు నిలిచింది. మాలకొండయ్య ఆ చల్లగాలికి చెయ్యి పెట్టి చూసి, గుంటూరు వాళ్లకి రావద్దని చెప్పేశాడు. కానీ బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. తెల్లారి మేం ఆకు గ్రేడింగు చేస్తా ఉంటే పాక కాడికొచ్చాడు. పేలిక చూపించి, "ఇది మీకు తెలుసా?" అన్నాడు. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. తెలుసని నేనే అన్నా. పాకలో ఉన్న ఆడోళ్లందరికీ తెలుసు, ఎన్నేళ్ల నించో తెలుసు. "మరి నాకు ఒక్కళ్లూ చెప్పలేదేమే" అన్నాడు. "నేను ఊరూరా చెప్పుకోని తిరిగితిని గదా, బండికి మా ఆవిడంటే భయం అని. వెనకాల మీరందరూ నవ్వుకున్నారా? ఆమె నవ్విందా?" అన్నాడు. వడదెబ్బకి కూడా మనిషి అంత వాడిపోలేదు.

ఉన్న మాట చెప్పా. "మేం నవ్వాం బావా, అబద్ధం ఎందుకు. ఆమె మాత్రం నీ వెనకాల ఏనాడూ నవ్వలా. ఒకసారి నేనే అడిగా, ఏమక్కా, ఆయనకి చెప్పరాదా, పిచ్చోణ్ణి చేసి ఊరి మీదకి వదిలావు అని. ఆమె ఏమందో విను. 'చెప్తే ఇక చెప్పుకోడు గదే. పుట్టింట్లో నా గురించి ఎవరూ ఒక మంచి మాట చెప్పుకోలా. ఈయన పెట్రోలు బంకులో కూడా చెప్తాడు. వినటానికే నేను ఒంగోలు పోయేది, ఆకు కోసం కాదు' అంది" అన్నా. బావ కళ్లు తుడుచుకున్నాడు, ముక్కు చీదాడు, తర్వాత నవ్వాడు. పేలిక ఎవరికీ ఇవ్వకుండా జేబులో పెట్టుకోని పోయాడు.

ఇప్పుడా కారు నిక్షేపంగా ఉంది. చల్లగాలి ఎట్టా కొట్టిద్దంటే, రోహిణి కార్తెలో కూడా బావ శాలువా కప్పుకోని, చెవులకి మఫ్లరు చుట్టుకోని నడుపుతాడు. జనం చూసి నవ్వుతారు. మాలకొండయ్య అడిగాడంట, "నాయనా, అంత చలైతే ఆ బిళ్ల తిప్పి నెంబరు కాస్త పెంచుకోరాదా?" అని. "తగ్గించటం వరకే నా పని, పెంచే పని మీ అమ్మది" అన్నాడంట. వణుక్కుంటానే పోతన్నాడు. మొగోళ్ల బుద్ధి, ఏం చెప్తాం. సరే, లెగండి, ఆకు ఆరిపోతంది, గోతాం తడిపి కప్పాల.