చెరిపేసిన పెన్సిల్ రాతలు

అక్క అలమరలోంచి తీసుకెళ్లిన మూడు నవలలనూ చెల్లెలు తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి తెరిచి చూసిన అక్క నివ్వెరపోయింది.

"నా పెన్సిల్ రాతలేవే?"

"చెరిపేశానక్కా. పుస్తకాలు శుభ్రంగా ఉంటాయని."

"శుభ్రమా! నిన్నెవరడిగారే? ఇరవై ఏళ్లుగా టికెట్ కౌంటర్లో మధ్యాహ్నం తిండి మానేసి చదివాను. ఎక్కడ నవ్వానో, ఎక్కడ ఏడ్చానో పక్కనే రాసుకున్నాను. చెరపడానికి చేతులెలా వచ్చాయే నీకు?"

"మళ్లీ రాసుకోవచ్చుగా."

"అప్పటి వయసు మళ్లీ వస్తుందా? మూడు పుస్తకాలూ పనిగట్టుకుని చెరిపావంటే, అదేం పోయేకాలమే! ఇంకోసారి నా అలమర జోలికొచ్చావో, ఊరుకోను!"

"నేను చెరపాలనుకుంది ఒక్కటేనక్కా. అదొక్కటే చెరిపితే నీకు తెలిసిపోతుందని అన్నీ చెరిపాను."

"ఏది?"

"ఒక నవలలో తల్లి చివరిచూపుకి కూతురు రాని చోట, 'అచ్చం మా చెల్లెలే' అని రాశావు."

అక్క తల దించుకుంది.

"ఏదో కోపంలో రాసుకున్నానే."

"కోపమా? నా మీదా? హాస్టల్లో ఉన్న నాకు కబురు పంపకుండా ఆపిందెవరు? పరీక్షలు పాడవుతాయన్నదెవరు? అమ్మ పోయిన నాలుగో రోజున తెలిసింది నాకు!"



"ఆపింది నేనే. ఆ తప్పు నా మీద రాసుకోలేక, నీ మీద రాశాను," అంది అక్క.