పెళ్ళి ఆల్బమ్‌లో బల్లి

"నవ్వకు! పెళ్ళి ఆల్బమ్ మీద స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టించి, పైగా నవ్వొకటా?"

"నేను చుట్టించలేదు అత్తయ్యా. మా రెండో తరగతి పిల్లలే... ఆగండర్రా అనేలోపే చుట్టేశారు."

"మా అన్నయ్య నెత్తిమీద చుట్టారు!"

"నెత్తిమీద కాదు, ఆ పైన, ట్యూబ్‌లైటు పక్కన. చూడండి, బల్లి! పెళ్ళంతా అక్కడే ఉంది, మనం చూస్తే కదా."

"బల్లి కోసం నా కొడుకు పెళ్ళి ఫోటోలు బడికి మోసుకెళ్ళావా? మీ బళ్ళో బొమ్మలే లేవా?"

"ఉన్నాయి. అడవిలో సింహం, నీళ్ళలో చేప. చూడకుండానే అప్పజెప్పేస్తారు. ఏ ప్రాణి ఎక్కడుంటుందో, అక్కడే ఎందుకుంటుందో వెతికి పట్టుకోవాలంటే ఇలాంటి కిక్కిరిసిన బొమ్మ కావాలి. కిటికీ పైన పిచ్చుక గూడు, స్వీట్ల పళ్ళెం కింద చీమల బారు—"

"చాలు! చీమలట, పిచ్చుకలట. నన్నొక్క మాట అడిగావా?"

"ఆయన్ని అడిగాను."

"అడుగుతావు. వాణ్ణే అడుగుతావు. ఈ ఇంట్లో ఏది ఎటు పోయినా నాకు చివర్లోనే తెలుస్తుంది. ఆల్బమయినా అంతే, ఇంకోటయినా అంతే."

"ఇంకోటంటే?"

"ఏమీ లేదు."

"చెప్పండి."

"ఏమీ లేదన్నానా! రేపు మా చెల్లెలింటికి పోతున్నా. మళ్ళీ రాను."

"ముందు ఈ పేజీ చూడండి. మిమ్మల్నీ చుట్టారు."

"నన్నా? నేనేమన్నా బల్లినా?"

"ఒక పిల్ల అంది, 'టీచర్, ఈవిడ ఎప్పుడూ పెళ్ళికొడుకు భుజం పక్కనే ఉంటుంది. ఈవిడ చోటు అదే' అని."

"కన్నదాన్ని. ఇంకెక్కడుంటాను?"

"చివరి ఫోటోలో ఆ భుజం పక్కన నేనున్నాను. 'మరి ఆవిడ ఇప్పుడెక్కడుంటోంది టీచర్?' అంది."

"...ఏం చెప్పావ్?"

"హాల్లో, మడతమంచం మీద అనడానికి నోరు రాలేదు. మీరు మొదట్నుంచీ అక్కడే పడుకుంటారన్నారు ఆయన. మా గది ఖాళీగా ఉండేదన్నారు."

"అన్నాడా? అలా అన్నాడా వాడు?"

"ఇవాళ ఇంటికొచ్చి మా గది సరిగ్గా చూశాను. కిటికీ గట్టు మీద మీ మందుసీసా అడుగు మచ్చ. మంచం తలవైపు గోడకి మీ తలనూనె జిడ్డు. పిల్లల్ని చూడండర్రా అని అరుస్తాను, నేను మాత్రం చూళ్ళేదు. ఒళ్ళు మండిపోతోంది అత్తయ్యా!"

"పోనీలేవే. కొత్తగా పెళ్ళయినవాళ్ళు..."

"మా బట్టలన్నీ హాల్లోకి తెచ్చేశాను, మీ గది మళ్ళీ మీకే. లేవండి, ఈ మడతమంచం ఇటు తిప్పాలి, ఆ కొస పట్టుకోండి."

"అయ్యో, వాణ్ణి అడిగావా?"

"లేదు. ఈసారి ఆయనకే చివర్లో తెలుస్తుంది."