ఇంకా పుట్టని టీచరు

సభాధ్యక్షులు, మన కంటి ఆసుపత్రి డైరెక్టర్ డాక్టర్ థీరవత్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, పెనాంగ్ నుంచి వచ్చిన అతిథి వైద్యులకు, నా మాటలు ఎప్పుడు ముగుస్తాయా, పాటలు ఎప్పుడు మొదలవుతాయా అని వెనక బల్లల దగ్గర నుంచి మైకు వైపే చూస్తున్న నర్సు చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నమస్కారం. (నవ్వులు)

మెడ నిండా మల్లెదండలు వేశారు. తల కొంచెం వంచితే ముక్కులోకి పోతున్నాయి, కాబట్టి మధ్యలో తుమ్మితే ఏడుస్తున్నానని అనుకోకండి. మీ అందరికీ నేను పీ ఒరథైని, అంటే ఒరథై అక్కని. రోగులకు దారి చెప్పే విభాగంలో చేరి, ఆ విభాగానికే పెద్దనై, ఈ రోజు దిగిపోతున్నాను. ఈ ఊళ్ళో మసక కళ్ళతో వచ్చినవాళ్ళను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడమే నా ఉద్యోగమని గర్వంగా చెప్పుకునేదాన్ని. ఈ వానాకాలం మొదట్లో ఆ గర్వం నెత్తిన పిడుగు పడింది. నేను ఇప్పటికీ తేరుకోలేదు. పాత జ్ఞాపకాలు చెబుతానని మీరు ఆశపడి ఉంటారు, కానీ నా మనసులో ఆ ఒక్కటే తిరుగుతోంది, అదే చెబుతాను.

డెబ్బై దాటినవాళ్ళకు కంటిపొర ఉచితంగా తీస్తామని మనం ప్రకటించాం. పేర్లు వెబ్‌సైట్‌లో రాసుకోమన్నాం. ఎవరూ రాలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది కూడా రాలేదు. డైరెక్టర్ గారు సమావేశం పెట్టి, ముసలాళ్ళకు కంప్యూటర్ పడదు, ఆపరేషన్ అంటే భయం, నెలాఖరుకు ఈ ఏర్పాటు ఆపేద్దాం అన్నారు. మీరు అలా చూడకండి డాక్టర్ గారూ, ఈ సంగతి చెప్పుకోమని మీరే నాకు అనుమతి ఇచ్చారు. (నవ్వులు)

అప్పుడు మన ప్రిమ్, వెబ్‌సైట్ చూసుకునే అమ్మాయి, ఒక బొమ్మ చూపించాలంది. మన పేజీ మీద జనం ఎక్కడ ఎక్కువగా నొక్కితే అక్కడ ఎర్రగా, తక్కువగా నొక్కితే నీలంగా కనిపించే బొమ్మ అది. ముసలాళ్ళు రావడం లేదనుకుంటున్నాం కదా, పేజీ అంతా నీలంగా ఉండాలి. తెర మీద బొమ్మ పడింది. పుట్టిన సంవత్సరం రాసే గడి నిప్పుకణికలా ఉంది. జనం రాలేదా? వచ్చారు, విరగబడి వచ్చారు. వచ్చి అక్కడే నొక్కి నొక్కి, వెనక్కి వెళ్ళిపోయారు.

పెనాంగ్ అతిథుల కోసం ఒక్క మాట. మేం బుద్ధుడి లెక్కన ఏళ్ళు చెప్పుకుంటాం. మీకు ఇది 2025, మాకు 2568. గోడ మీద క్యాలెండర్, బియ్యం సంచీ, చివరికి ఈ రోజు నా చేతికిచ్చిన సత్కారపత్రం కూడా ఆ లెక్కే. పిల్లలకు రెండు లెక్కలూ వచ్చు. పెద్దవాళ్ళకు పుట్టిన ఏడంటే ఒక్కటే. మన పేజీ ఎక్కడో పరాయి దేశంలో తయారైంది. బ్యాంకాక్ కుర్రాళ్ళు అందులో మాటలన్నీ మన భాషలోకి మార్చారు, ఏళ్ళు మార్చడం మరిచిపోయారు.

వచ్చినవాళ్ళ బాణం గుర్తు ఎటు తిరిగిందో ఉన్నదున్నట్టు చూపించే వీడియోలు కూడా ఉంటాయట. పేర్లు కనిపించవు, నల్ల చుక్కలు పడతాయి. ప్రిమ్ ఒక్కొక్కటే వేసింది. బాణం సంవత్సరాల జాబితాలో కిందికి దిగుతుంది, దిగుతుంది, అడుగు దాకా వెళ్తుంది, తన ఏడు దొరకదు, మళ్ళీ పైకి వస్తుంది. చివరికి ఎవరికి వాళ్ళు 2480 అనో, 2490 అనో టైపు చేసుకుంటారు. వెంటనే ఎర్ర అక్షరాలు వస్తాయి: మీరు ఇచ్చిన పుట్టినరోజు ఇంకా రాలేదు, సరిచూసుకోండి. చూపు సరిగా ఆనని ముసలివాళ్ళకు, నువ్వు ఇంకా పుట్టలేదు పొమ్మని మన ఆసుపత్రి చెబుతోంది. మొదటిసారి చూసి కొందరం నవ్వాం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంకొక వీడియో వచ్చింది. ఆ మనిషి పేజీని ఎంత పెద్దది చేసుకున్నారంటే తెర మొత్తానికి ఒక్క మాటే పడుతోంది. ఒక్కొక్క మాటే జరుపుకుంటూ, తడుముకుంటూ వచ్చారు. 2487 అని రాశారు. పుట్టలేదు పొమ్మంది. మళ్ళీ రాశారు, మళ్ళీ పొమ్మంది. అప్పుడు బాణం మెల్లగా కిందికి వెళ్ళి, 'ఇంకేమైనా చెప్పాలా' అన్న గడిలో ఆగింది. దాని మీద నల్ల చుక్కలు పడవని మాకెవరికీ తెలియదు. ఒక్కొక్క అక్షరమే పడుతూ ఉంటే గదిలో అందరం చదివాం.

"బిడ్డా, ఖ్రూ ఎప్పుడో పుట్టింది. రాసింది మళ్ళీ ఒకసారి చూసుకో. పైన 'శస్త్రచికిత్స'లో ఒక అక్షరం తప్పు రాశావు."



ఈ ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పడం మానేసి ఎన్నేళ్ళయినా తమను తాము ఖ్రూ, అంటే టీచరు అనే చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ 'రాసింది మళ్ళీ ఒకసారి చూసుకో' అనే మాట నా పలక మీద, డైరెక్టర్ గారి పలక మీద, ఆ గదిలో సగంమంది పలకల మీద ఒక్కరే రాశారు. మాకు అక్షరాలు దిద్దించిన ఖ్రూ సేంగ్‌చన్. డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచి, తాళంచెవులు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆయనే స్వయంగా కారులో ఆవిడను తీసుకొచ్చారు.

ఎడమ కంట్లో పొర ముదిరిపోయి, లోపల ఒత్తిడి పెరిగి చూపు పోయింది. ఆవిడ మన పేజీ తలుపు తట్టిన రోజునే లోపలికి రానిచ్చి ఉంటే దక్కేదని డాక్టర్లు అన్నారు. కుడి కన్ను ఆపరేషన్‌తో దక్కింది. సంవత్సరాల జాబితా ఆ వారంలోనే మార్చాం, ఉచిత ఆపరేషన్లు ఆపలేదు, ఈ మధ్య మన వరండాలో కూర్చోవడానికి చోటు దొరకడం లేదు. అయినా నా దిగ్భ్రాంతి తగ్గలేదు. ఇక్కడున్న మనమంతా రోజూ 2568 అని సంతకం కింద రాసేవాళ్ళమే. ఒక్కరికీ ఎందుకు తట్టలేదు? ఎందుకంటే మనకు కన్ను నొప్పి వస్తే వెనక తలుపు తోసుకుని డాక్టరు దగ్గరికి పోతాం. రోగి వచ్చే తలుపు గుండా మనం ఎప్పుడూ రాలేదు. ప్రిమ్, నేను పోయాక ఆ వీడియోలు వారానికోసారి వీళ్ళందరినీ కూర్చోబెట్టి చూపించు. రానంటే నాకు ఫోన్ చెయ్యి. (నవ్వులు)

కట్టు విప్పిన రోజు డైరెక్టర్ గారు ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, తల నేలకు ఆనించారు. ఆవిడ ఆ ఒక్క కంటితో ఆయన్ని చాలాసేపు చూశారు.

"థీరవత్, నువ్వు ఏ ఏడు పుట్టావురా?"

"2512, ఖ్రూ."

"మరి నేను నీకంటే ముందే పుట్టానని నీకు తెలుసు గదరా."

ఆయన తల ఎత్తలేదు. పక్కన నిలబడ్డ నేనూ ఎత్తలేకపోయాను.

ఖ్రూ సేంగ్‌చన్ ముందు వరసలోనే కూర్చున్నారు. ఖ్రూ, మీరు ఈ రోజు నా సత్కారపత్రం అడిగి తీసుకుని కంటి దగ్గర పెట్టుకుని చదువుతుంటే, తప్పు ఎక్కడ దొరుకుతుందా అని మీ వేలి వైపే చూస్తూ కూర్చున్నాను. మీకు మళ్ళీ అంత చిన్న అక్షరం కనిపిస్తోంది, నాకు అది చాలు. నన్ను ఇన్నాళ్ళు అక్కా అని పిలిచిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఈ రోజు నేను వెనక తలుపు గుండా వెళ్ళను. ముందు తలుపు గుండా, వచ్చేవాళ్ళకు ఎదురు నడుస్తూ వెళ్తాను. సెలవు.